ఒకే సంతకం

"కుర్సీలు తుడిసేవా ఏటి? ఆఫీసోలు వచ్చేత్తారు," అంది సన్యాసమ్మ మంచం దిగకుండానే.

తుడిచింది త్రివేణి. పొద్దుటి నుంచి అది మూడోసారి. ఆ హిందీ ఊళ్ళో, కద్మా పేటలోని రెండు గదుల ఇంట్లో కుర్చీలు నాలుగు. వచ్చేవాళ్ళు ఇద్దరు, మొగుడు భానుప్రకాష్ ఒకడు, అత్తగారు సన్యాసమ్మ ఒకరు, సరిగ్గా సరిపోయాయి. తనకి కుర్చీ లేదన్న సంగతి ఆమెకి తట్టనే లేదు. తట్టకపోవడంలో వింతేమీ లేదు, పన్నెండేళ్ళ కాపురంలో మనుషులొచ్చినప్పుడు ఆమె కూర్చున్న పాపాన పోలేదు. వింతల్లా ఏమిటంటే, ఆమె ఉద్యోగమే ఇల్లిల్లూ తిరిగి ఎవరు కూర్చున్నారో, ఎవరు నిలబడ్డారో చూసి రావడం.

మొదట బస్తీ బడిలో పిల్లలకి అక్షరాలు దిద్దించేది. బడి వదిలాక ఆ పిల్లల తల్లులు గుమ్మం దగ్గర నిలబడి తమ గోడు చెప్పుకునేవాళ్ళు. వినగా వినగా అదే ఉద్యోగమైంది. పదకొండేళ్ళుగా కుటుంబ సహాయ కేంద్రంలో పని. మొగుడూ పెళ్ళాలని బల్లకి అటూ ఇటూ కూర్చోబెట్టి వినడం, ఇద్దరి చేతా రాజీకాగితం రాయించి సంతకాలు పెట్టించడం, పదిహేను రోజులకి ఇంటికెళ్ళి ఫారం నింపుకుని రావడం. ఆ ఫారం తయారుచేసింది త్రివేణే. ట్రైనింగుకొచ్చిన పిల్లలకి చిలక్కి చెప్పినట్టు చెప్పేది: "ఇంట్లోవాళ్ళు చెప్పేదంతా వినండి. కానీ మీరున్నంతసేపూ కూర్చోని మనిషి ఎవరో అది చూడండి. ఆ మనిషితో విడిగా మాట్లాడకుండా గుమ్మం దాటకండి. చివరి ప్రశ్న అప్పుడు అడగండి, ఈ ఇంట్లో మీకు భయమేస్తుందా అని. వెంటనే లేదంటే రాసేయకండి. మనసులో అరవై లెక్కపెట్టండి. అప్పుడూ లేదంటేనే రాయండి."

ఈవేళ ఆ ఫారం ఆమె ఇంటికే వస్తోంది. ఊరికి అవతల పర్సుడీహ్‌లో ఆమె పనిచేసే సంస్థ కొత్త కేంద్రం తెరుస్తోంది. దానికి ఇన్‌చార్జిగా త్రివేణి పేరే అనుకున్నారు. పెళ్ళైన ఆడవాళ్ళని ఇన్‌చార్జిగా వేసే ముందు వాళ్ళింటికెళ్ళి, కుటుంబ సహకారం ఉందో లేదో చూసి రావడం అక్కడి పద్ధతి. ఎప్పుడో ఒకావిడ మొగుడు ఆఫీసుకొచ్చి రభస చేశాడట, అప్పటి నుంచీ పెట్టారు. మగవాళ్ళ ఇళ్ళకి ఎవరూ వెళ్ళరు. ఈ తేడా ఏమిటని త్రివేణి పదకొండేళ్ళలో ఒక్కసారీ అడగలేదు. ఆ ఇన్‌చార్జి కుర్చీ మీద ఆమెకి ఆరేళ్ళుగా ఆశ. ఆశ అనడం చిన్న మాట, బల్ల ఎక్కడ వేయించాలో, ఆడవాళ్ళు పిల్లల్ని ఎక్కడ పడుకోబెట్టుకోవాలో కూడా మనసులో ఎప్పుడో సర్ది పెట్టుకుంది.

"నువ్వేం టెన్షన్ పడకు," అన్నాడు భానుప్రకాష్ అద్దం ముందు తల దువ్వుకుంటూ. ఫ్యాక్టరీకి సరుకు పంపే వెండార్ కంపెనీలో ఇంజినీరు. ఊళ్ళో తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెళ్ళాం సమాజసేవ ఫోటోలు పెట్టి శభాషనిపించుకునే మనిషి. "అన్నీ నేను చూసుకుంటాను. నువ్వు మాత్రం మధ్యలో నోరు పెట్టకు."

త్రివేణి తుడిచిన కుర్చీనే మళ్ళీ తుడిచింది.

నాలుగేళ్ళ కిందట ఆమె ఒక తెలివితక్కువ పని చేసింది. బిర్సానగర్ నుంచి దేవి అనే ఆవిడ వచ్చేది, మొగుడి దెబ్బలకి తట్టుకోలేక. ఇద్దరినీ కూర్చోబెట్టి నచ్చజెప్పి, రాజీకాగితం రాయించి, త్రివేణే స్వయంగా టెంపో ఎక్కించి పంపింది. నెల తిరక్కుండా దేవి మళ్ళీ వచ్చింది. ఈసారి సంతకం పెట్టలేకపోయింది, కుడిచెయ్యి కట్టులో ఉంది. ఎడమచేతి వేలిముద్ర వేసింది. "మీరు సెప్పినారని ఎల్లినానమ్మా," అంది, నిష్ఠూరంగా కూడా కాదు, మామూలుగానే. చివరి ప్రశ్నా, అరవై లెక్కా ఫారంలోకి వచ్చింది దేవి తర్వాతే. ఆరోజు సాయంత్రం ఇంటికొచ్చి, ఎవరో ఒకరికి చెప్పుకోకపోతే ఊపిరాడక, మొగుడికి చెప్పుకుని ఏడ్చింది. అతను ఎంతో శ్రద్ధగా విన్నాడు. "అసలా కాగితం ఎలా ఉంటుందోయ్? ఒకటి తీసుకురా, చూద్దాం," అన్నాడు. తన పనిని అతను పట్టించుకోవడం అదే మొదలు. పిచ్చి మనిషి, సంబరపడిపోయి మర్నాడే ఖాళీ కాగితాల కట్ట పట్టుకొచ్చి ఇచ్చింది.

మొదటి కాగితం ఆ వారంలోనే రాయించాడు. "అత్తగారి మాత్రల వేళ మరిచిపోయాను. తప్పు నాదే. ఇకపై మరువను." నవ్వుతూనే రాయించాడు. "ఊరందరి చేతా రాయిస్తావుగా, నువ్వొకటి రాస్తే అరిగిపోతావా?" ఆమె కూడా నవ్వుతూనే రాసింది, సరసం అనుకుని. రెండోదానికి నవ్వు పోయింది. స్నేహితుల ముందు తన మాటకి అడ్డొచ్చిందని రాయమన్నాడు. రాయనంది. బాల్కనీలో బట్టలు తీస్తుంటే వెనక నుంచి తలుపు గడియ పెట్టాడు. కాసేపటికి తలుపు కింద నుంచి కాగితం, పెన్నూ లోపలి నుంచి జరుగుతూ వచ్చాయి. అది మే నెల, మిట్టమధ్యాహ్నం. గచ్చు మీద అరికాలు ఆనడం లేదు. "రాసి తోసెయ్, తీసేస్తాను," అన్నాడు, గొంతు పెంచకుండా. అతను గొంతు పెంచడు, చెయ్యెత్తడు. చెయ్యెత్తలేదన్నది అతనికి గొప్ప. ఫారంలో కొట్టడం గురించి ఉన్న గడి ఈ ఇంటికి ఎప్పటికీ ఖాళీగానే ఉంటుందని త్రివేణికి తెలుసు. ఏడోసారి, ఊళ్ళో ఆమె తల్లికి ఒంట్లో బాగాలేదని అడగకుండా టికెట్టు తీయించుకున్నందుకు రాయించాడు. రాసేసరికి బండి వెళ్ళిపోయింది. అమ్మ ఆ వారమే పోయింది. అవన్నీ బీరువాలో ఇన్సూరెన్సు కాగితాల పక్కన ఫైలు కట్టి ఉంటాయి. "రేపు నువ్వెక్కడికైనా వెళ్ళి ఏదైనా చెప్పావనుకో, ఇవి చూపిస్తాను. తప్పు నాదేనని నీ దస్తూరీలో నువ్వే రాశావు," అంటాడు. ఇప్పటికి పదకొండు.

పదకొండు గంటలకి సెక్రటరీ సీతారామరావుగారూ, ట్రైనింగు పిల్ల నేహా వచ్చారు. సీతారామరావుగారు పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, సంస్థలో ఆయన మాటే చెల్లుతుంది. నేహ ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగు పిల్ల, తెలుగులో అడిగితే హిందీలో జవాబిస్తుంది. ఆర్నెల్లుగా త్రివేణి దగ్గరే పని నేర్చుకుంటోంది. నలుగురూ నాలుగు కుర్చీల్లో సర్దుకున్నారు. త్రివేణి నీళ్ళు తెచ్చింది.

"గాలి భలే వస్తోందే," అన్నారు సీతారామరావుగారు బాల్కనీ వైపు చూసి.

"మా ఆవిడకి ఆ బాల్కనీ అంటే ప్రాణమండీ," అన్నాడు భానుప్రకాష్. త్రివేణి గారెల పళ్ళెం బల్ల మీద పెట్టి వెనక్కి తిరిగింది.

"పిల్లాజెల్లా లేరు గదా బాబూ," అంది సన్యాసమ్మ, "ఊరోల్ల పిల్లల్ని సూసుకుంతాదని మేవే ఒగ్గేసినాం. మావోడు గాబట్టి సరిపోనాది. ఇంకోడైతేనా, ఆడది బస్తీలంట తిరుగుతంటే ఊరుకుంతాడేటి? ఇదిగో, కారప్పొడి తే. సాబ్బాబుకి మజ్జిగ్గూడా తే."

తెచ్చింది. నేహ ఒళ్ళో అట్ట మీద ఫారం ఉంది, పెన్ను కదులుతోంది. భానుప్రకాష్ గొంతు తేనెలా సాగుతోంది. ఆమె కష్టం తనకి తెలుసునట, ఎంత పొద్దుపోయి వచ్చినా పల్లెత్తు మాట అనడట, కాకపోతే కాస్త మతిమరుపు మనిషి కాబట్టి ఎవరో ఒకరు వెనకుండి చూసుకోవాలట. "పెద్ద బాధ్యత అప్పగిస్తున్నారు. నా పూచీ నాది. తను ఎక్కడ తప్పు చేసినా సరిదిద్దడానికి నేనున్నాను. అంతెందుకు సార్, మీ పద్ధతే మా ఇంట్లోనూ నడుస్తోంది, చూస్తారా?" అని లేచి, బీరువా తలుపు తెరిచి, ఫైలు తెచ్చి సీతారామరావుగారి చేతిలో పెట్టాడు.

త్రివేణి వంటింటి గుమ్మంలో ఖాళీ గ్లాసుతో అలాగే నిలబడిపోయింది. అతను చూపిస్తాడని ఆమె కలలో కూడా అనుకోలేదు. కానీ అతని కళ్ళకి అందులో దాచుకోవాల్సింది ఏమీ లేదు. మంచి రిపోర్టు కార్డు చూపించే తండ్రిలా నిలబడి ఉన్నాడు.

సీతారామరావుగారు రెండు కాగితాలు తిరగేసి పకపకా నవ్వారు. "భలేవారండీ మీరు! కౌన్సిలర్ చేతే సమ్‌ఝౌతా కాగితం రాయించారా! అమ్మాయ్, నీకు తగ్గవాడే దొరికాడు." నవ్వుతూనే ఫైలు నేహకిచ్చారు. నేహ నవ్వలేదు. ఒక్కో కాగితమే తిప్పింది. కొన్నిటి మీద దస్తూరి గుండ్రంగా ఉంది, కొన్నిటి మీద చెయ్యి వణికి అక్షరాలు గీత తప్పాయి. పదకొండూ చూసి, ఫైలు మూసి, ఫారం మీద ఏదో రాసింది. తర్వాత లేచి వంటింట్లోకి వచ్చింది.

"దీదీ, ఏక్ సవాల్ బాకీ హై," అంది. ఒక ప్రశ్న మిగిలిందట.

ఏ ప్రశ్నో త్రివేణికి తెలుసు. స్టవ్ వైపు తిరిగింది.

"ఇస్ ఘర్ మే ఆప్‌కో డర్ లగ్‌తా హై?" నేహ గొంతు సన్నగా ఉంది. ఆ వెంటనే, దీదీ ఎప్పుడూ తెలుగులోనే అడగమంటుందని గుర్తొచ్చి కాబోలు, మళ్ళీ అడిగింది. "ఈ ఇంట్లో మీకు భయమేస్తుందా?"

"లేదు."

నేహ రాయలేదు. పెన్ను కాగితానికి పైన ఆగి ఉంది. త్రివేణి చిన్నగా మంట తగ్గించింది. ఈ పిల్ల లెక్కపెడుతోంది. తను నేర్పినట్టే, పెదాలు కదలకుండా లెక్కపెడుతోంది. ఎంతోమంది ఆడవాళ్ళ ముందు తను ఇలాగే ఆగింది. ఎదుటి మనిషికి ఆ నిమిషం ఎంత పొడుగో ఏనాడూ అనుకోలేదు. ఇరవై. ఉంది అంటే చాలు. కానీ ఉంది అంటే పర్సుడీహ్ లేదు. ఆ బల్ల లేదు, ఆ కుర్చీ లేదు. ముప్పై. అవతలి గదిలో మొగుడి నవ్వు. రేపు ఆ కుర్చీలో కూర్చుంటే ఎంతమంది దేవిలని కాపాడొచ్చో అని తనకి తనే సర్దిచెప్పుకుంది, అబద్ధానికి ఎప్పుడూ ఒక మంచి పని తోడు దొరుకుతుంది కదా. యాభై. నేహ కళ్ళలో నీళ్ళు. అరవై.

"లేదన్నాను కదమ్మా, రాసుకో," అంది త్రివేణి. "టీ తాగుతావా?"

నాలుగు రోజులకి సీతారామరావుగారు పిలిపించారు. నేహ ఇచ్చిన రిపోర్టు ఆయన బల్ల మీద ఉంది. అటు తిప్పి చూపించారు. "గృహిణి గంటా పది నిమిషాల్లో ఒక్కసారి కూర్చోలేదు. పేరు పెట్టి ఎవరూ పిలవలేదు. పదకొండు రాజీకాగితాలు చూపించారు. అన్నిటి మీదా ఒకే సంతకం. చివరి ప్రశ్నకి లేదని చెప్పారు, అరవై ఆగాక. కుటుంబ సహకారం: లేదు." ఎవరిదో ఇల్లు చదివినట్టు చదివింది త్రివేణి. ఇంత బాగా రాసిన రిపోర్టు ఆమె ఈ మధ్య చూడలేదు.

"చూడమ్మా, ఇంట్లో ఇంత ఇబ్బంది పెట్టుకుని నీ నెత్తిన ఇంకో బరువు పెట్టడం పాపం. నీ మంచికే చెబుతున్నాను. దుర్గాప్రసాద్‌ని వేద్దామనుకుంటున్నాం," అన్నారు, ఆ ఫైలు చూసి పకపకా నవ్విన మనిషే. దుర్గాప్రసాద్ ఆమె దగ్గర పని నేర్చుకున్నవాడు. అతని ఇంటికి ఎవరూ వెళ్ళలేదు. అతని పెళ్ళాం ఎన్ని కాగితాలు రాసిందో ఎవరికీ తెలియదు.

"అయితే ఆ పదకొండు కాగితాల సంగతేం చేస్తారు సార్?" అంది.

"అదా, అది మీ ఇంటి విషయం. మనం కల్పించుకుంటే బావుండదు."

బయట నేహ నిలబడి ఉంది. "దీదీ, మైనే తో సచ్ లిఖా," అని వెక్కిళ్ళు పెట్టింది. నిజమే రాశానంటోంది. నేర్పింది తనే, తప్పేముంది. అయినా రెండు రోజులపాటు ఆ పిల్ల మొహం చూస్తే ఒళ్ళు మండిపోయింది త్రివేణికి. అబద్ధమూ ఆడింది, కుర్చీ కూడా పోయింది. ఆ మంట దేవి మీదా, నేహ మీదా, ఎవరి మీదో ఒకరి మీద పొయ్యాలనిపించింది. పోయాల్సినవాడి మీద పోసే అలవాటు లేదు కదా మరి.

ఆదివారం మధ్యాహ్నం భానుప్రకాష్‌కి ఫోనొచ్చింది. సీతారామరావుగారే. మగవాళ్ళిద్దరూ కలుపుగోలుగా మాట్లాడుకున్నారు. "ఆ పిల్ల ఏదో తెలియక రాసిందిలెండి, మీరేమీ అనుకోకండి," అన్నారట ఆయన. ఫోను పెట్టేసి భానుప్రకాష్ బాల్కనీ వైపు చూశాడు. "కౌన్సిలర్ గారూ, బాల్కనీలో తువ్వాళ్ళు ఎండిపోయినట్టున్నాయి," అన్నాడు.

వెళ్ళకూడదని తెలుసు. కాళ్ళు వెళ్ళాయి. వెనక గడియ పడింది.

తలుపు కింద నుంచి కాగితం వచ్చింది, పెన్ను వచ్చింది. "సంస్థవాళ్ళ ముందు భర్త పరువు తీశాను అని రాయి. తప్పు నాదే అని రాయి. ఆ పిల్లకి ఉన్నవీ లేనివీ చెప్పింది నేనే అని కూడా రాయి." త్రివేణి పెన్ను తీసుకుంది. అలవాటైన చెయ్యి, రాసేసేదే. కానీ ఎందుకో ఆ పిల్ల రాసిన వాక్యం గుర్తొచ్చింది. ఒకే సంతకం. నాలుగొందల ఇళ్ళ రాజీలు చేయించింది తను, ఇద్దరి సంతకాలు లేకుండా ఒక్క కాగితం తీసుకోలేదు. మొగుడు సంతకం పెట్టకపోతే అది రాజీ కాదని బల్ల గుద్ది చెప్పేది. అంత చెప్పిన మనిషి తన ఇంట్లో పదకొండుసార్లు ఆ రెండో గీత ఖాళీగా చూసి ఊరుకుంది. సిగ్గేసింది ఆమెకి. భయం కంటే ఎక్కువ సిగ్గేసింది. కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుని, నీడ ఉన్న మూలకి ఒదిగి, తువ్వాలు ఒకటి కాళ్ళ కింద వేసుకుని నిలబడింది. కింది వాటాలో ఆవిడ తలెత్తి, "వడియాలు పెట్టావా?" అని అడిగింది. "ఆఁ," అంది త్రివేణి.

ఒంటిగంట అయింది. రెండైంది. నాలుక పిడచగట్టుకుపోయింది. అతను రెండుసార్లు "అయిందా?" అన్నాడు. ఆమె పలకలేదు. చివరికి గడియ తీసింది అతను కాదు.

"ఆకలేత్తంది, మాత్తర్లెక్కడెట్టినాదో తెల్దు," అంటూ సన్యాసమ్మ తలుపు తీసింది. కోడలి మొహం చూసి ఒక్క క్షణం ఆగింది. "అలగ నిలబడిపోనావేటి? అన్నవెట్టు," అంది.

పెట్టింది. మాత్రలిచ్చింది. భానుప్రకాష్ భోంచేసి, "రేపు పొద్దున్న రాసిద్దువుగాని," అని పడుకున్నాడు.

సోమవారం పర్సుడీహ్ కేంద్రం ప్రారంభం. "నువ్వు కాస్త ముందొచ్చి టీలూ, స్వీటు పొట్లాలూ చూసుకోమ్మా, నువ్వుంటే ధైర్యం," అని సీతారామరావుగారు మెసేజ్ పెట్టారు. త్రివేణి పొద్దున్నే వంట చేసి, అత్తగారి మాత్రలు బల్ల మీద పెట్టి, మొగుడు స్నానానికి వెళ్ళినప్పుడు బీరువా తెరిచి ఫైలు తీసి సంచిలో పెట్టుకుంది. జాకెట్లో దాచిన కాగితాన్ని దాని మీద పెట్టింది. రెండు చీరలు, సర్టిఫికెట్లు. బజారు దాటి ఆమె చేరేసరికి రిబ్బను కటింగ్ అయిపోయింది.

బల్ల సరిగ్గా ఆమె వేయించాలనుకున్న చోటే ఉంది. బల్లకి అవతల దుర్గాప్రసాద్, కొత్త చొక్కాలో. "ఆయియే దీదీ! ఆలస్యమైందేం? చాయ్ ఇంకా కాలేదు, జరా దేఖ్ లీజియే," అన్నాడు, ఆ సంగతి కాస్త చూడమని. సీతారామరావుగారు గోడ పక్కన నలుగురు పెద్దమనుషులతో మాట్లాడుతున్నారు. నేహ కొత్త రిజిస్టరు మొదటి పేజీకి గీతలు కొడుతోంది.

త్రివేణి చాయ్ వైపు వెళ్ళలేదు. బల్లకి ఇవతల ఉన్న కుర్చీ, ఏడుస్తూ వచ్చే ఆడవాళ్ళు కూర్చునే కుర్చీ లాక్కుని కూర్చుంది. సంచిలోంచి ఫైలు తీసి బల్ల మీద పెట్టింది.

"పదకొండిటి మీద నా సంతకం. పన్నెండోది ఖాళీ. కేసు రాసుకో," అంది.

"దీదీ, మజాక్ మత్ కీజియే," అని, వేళాకోళం వద్దంటూ నవ్వబోయి, ఆమె మొహం చూసి దుర్గాప్రసాద్ లేచి నిలబడ్డాడు. సీతారామరావుగారు గబగబా వచ్చారు. "ఏమ్మా ఇది, ఇంతమందిలో! కేసున్న మనిషి కేసులు చూడకూడదని మన రూలు. నీ పేరు ఈ రిజిస్టరులో ఎక్కితే నీ ఉద్యోగం ఏమవుతుందో తెలుసా?"

"తెలుసు సార్. ఆ రూలు రాసిచ్చిందీ నేనే," అంది త్రివేణి. "నేహా, నువ్వు కూర్చో. నువ్వే అడుగు."

నేహ బల్లకి అవతలి కుర్చీలో కూర్చుంది. పేరు అడిగింది, వయసు అడిగింది, భర్త పేరు అడిగింది. కొట్టడం గురించి ఉన్న గడి ఖాళీ వదిలింది. కేసు నంబరు ఒకటి అని పైన రాసింది. సీతారామరావుగారు ఫోను తీసి భానుప్రకాష్ నంబరు వెతుకుతున్నారు. చివరి ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి నేహ ఫారంలో నుంచి తలెత్తింది.

"ఈ ఇంట్లో మీకు భయమేస్తుందా?" అని అడిగి, పెన్ను పైకెత్తి పట్టుకుంది, ఆగడానికి సిద్ధమై.

త్రివేణి ఆమెని ఒకటి కూడా లెక్కపెట్టనివ్వలేదు.

"వేస్తుంది. రాయి."